ఏ వదులు?

ఇలా రా తల్లీ. గుమ్మం దగ్గర కాదు, వచ్చి నా పక్కన కూర్చో. లోపల మీ తాతయ్య కునుకు తీస్తున్నారు, గట్టిగా చెప్తే లేచి వచ్చి కథ తన చేతుల్లోకి తీసేసుకుంటారు. ఇదిగో, ఈ తాడు కొస పట్టుకో. రేపు పొద్దున నువ్వూ నీ స్నేహితురాళ్ళూ పడవ తీసుకెళ్తున్నారుగా, మెలిక లేకుండా చుట్టి ఇస్తాను. చేతులు ఖాళీగా ఉంటే నాకు మాట సాగదు.

ఇందాక భోజనాల దగ్గర నువ్వు నవ్వావు. తప్పుపట్టడం లేదులే. మీ తాతయ్య చెప్తుంటే గోడలు కూడా నవ్వుతాయి. కళ్ళు ఇంత చేసి, చేతిలో గ్లాసు గాల్లోకి ఎత్తి, "నేను వదులు అన్నాను, మీ అమ్మమ్మ వదిలేసింది!" అంటూ గ్లాసు వదిలేసినట్టు నటించి టక్కున మళ్ళీ పట్టుకుంటారు. పదిహేడేళ్ళుగా ఆ గ్లాసు పడిపోతూనే ఉంది. ఆయన కథ ఎప్పుడూ పళ్ళ డాక్టరు పడవ దగ్గరే ఆగిపోతుంది. తరవాతి సగం నా దగ్గరుంది. ఎవరూ అడగలేదు గనక నేనూ చెప్పలేదు. నువ్వూ అడగలేదనుకో. అయినా రేపు ఆ పడవ నీ చేతిలో ఉంటుంది కాబట్టి నీకు చెప్పాలి.

నా కాపురమంతా ఒక్క మాట మీద నడిచింది. 'పట్టుకో.' మీ తాతయ్య బల్బు మార్చాలంటే నేను స్టూలు పట్టుకోవాలి. కుళాయి బాగుచెయ్యాలంటే టార్చి పట్టుకోవాలి, అదీ ఆయన చూపు ఎటు పోతే అటు. వెలుగు అర అంగుళం జరిగితే "మనసెక్కడ పెట్టావు?" అనేవారు. బల్బు ఆయన మార్చారు, కుళాయి ఆయన బాగుచేశారు. స్టూలు పట్టుకున్నామె గురించి ఎవరు చెప్పుకుంటారు? మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఒకటే మాట, "దాని చేతికిస్తే ఏదీ నిలవదు" అని. పెళ్ళైన రెండో నెలలో ఒక పింగాణీ పళ్ళెం జారవిడిచాను. ఆ ఒక్క పళ్ళెం ఆవిడకి చివరిదాకా గుర్తుంది. అంతకుముందూ ఆ తరవాతా నేను తోమి, తుడిచి, బోర్లించినవి మాత్రం ఒక్కటీ గుర్తులేదు. ఎప్పుడైనా మన ఆల్బమ్ తీసి చూడు. ఏ ఫోటోలో చూసినా నా చేతిలో ఇంకొకరి వస్తువు ఉంటుంది. ఎవరిదో సంచి, ఎవరిదో పిల్ల, ఎవరివో చెప్పులు. మీ అమ్మ పెళ్ళి ఫోటోలో నేను నవ్వుతూ ఒక గొడుగు పట్టుకుని ఉంటాను. ఆ గొడుగు ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

మీ తాతయ్య ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ముప్ఫై మంది ఆయన మాట వినేవాళ్ళు. రిటైరయ్యాక ఆ ముప్ఫై మందికీ బదులు నేనొక్కదాన్నే మిగిలాను. ఒక మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వచ్చి, "పడవ కొన్నాను" అన్నారు. కొత్తిమీర కట్ట కొన్నాను అన్నంత మామూలుగా. తొమ్మిది మీటర్ల పడవ, ఒక నిలువు కొయ్య, ముందొకటి వెనకొకటి రెండు తెరచాపలు, అడుగున దగ్గుతూ నడిచే ఒక డీజిల్ ఇంజను. ఇక మనం సముద్రం మీద దీవులు తిరుగుతూ హాయిగా బతుకుతాం అన్నారు. రేవులో రెండు వారాల క్లాసులో చేరారు, తెల్ల టోపీ కొనుక్కున్నారు. "నేనూ రానా క్లాసుకి?" అని అడిగాను. "ఇద్దరికీ ఎందుకు? ఒక పడవకి ఒక కెప్టెన్ చాలు. నువ్వు వంట సంగతి చూసుకో" అన్నారు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నారు. అదే చిక్కు. కోపంగా అని ఉంటే గొడవ పెట్టుకునేదాన్ని.

పడవలో వంటిల్లంటే అలమారంత చోటు. పొయ్యి ఉయ్యాలలా ఊగుతుంది, గిన్నె ఒలకకుండా దానికి చుట్టూ ఇనప కమ్మీ. నేను ఒక తుంటి గోడకి ఆనించి, మోకాలు సొరుగుకి అడ్డం పెట్టి, ఒక చేత్తో గిన్నె పట్టుకుని ఇంకో చేత్తో కలిపేదాన్ని. పైనుంచి "టీ ఏమైంది?" అని కేక. మా ఆడపడుచు ఫోను చేసినప్పుడల్లా, "వదినా, నీదే అదృష్టం, అన్నయ్య నిన్ను సముద్రం మీద తిప్పుతున్నాడు" అనేది. తిప్పుతున్న మాట నిజమే. పొయ్యి తిరుగుతోంది, దాంతోపాటు నా కడుపూ తిరుగుతోంది. ఇంట్లో వంటిల్లు కదలదు, పడవలో కదులుతుంది. అప్పట్లో నాకు తెలిసిన తేడా అంతే.

ఇక ఆ రోజు సంగతి. మొదటి ఏడే. తిరిగి రేవుకి వస్తున్నాం, గాలి గట్టు వైపు నుంచి పడవని బయటికి తోస్తోంది. మా ముందు పళ్ళ డాక్టరు గారి కొత్త పడవ కట్టి ఉంది, పాలరాయిలా తెల్లగా మెరుస్తూ. మీ తాతయ్య నన్ను గట్టు మీదకి దూకమన్నారు, దూకాను. తాడు గుంజకి చుట్టమన్నారు, చుట్టాను. ఆయన ఇంజను ముందుకి నడిపిస్తున్నారు, నా చేతిలో తాడు పడవని ఆపి ఉంచుతోంది. అది బిగిసి టకటకలాడుతోంది. అప్పుడు కేక వేశారు, "వదులు, వదులు!" అని.

నేను వదిలాను.

పడవ కట్టు తెగిన గేదెలా ముందుకి ఉరికి, పళ్ళ డాక్టరు గారి తెల్ల పడవ పక్కని నిలువునా గీసుకుంటూ పోయింది. ఆ చప్పుడు ఉంది చూశావూ, ఆయన కుర్చీలో మన పంటి మీద మర నడిపినప్పుడు వస్తుందే, అచ్చం అదే. గట్టు మీద జనమంతా అటే చూస్తున్నారు. మీ తాతయ్య మొహం ఎర్రబడిపోయింది. "వదులంటే వదిలేస్తావా?" అని అరిచారు.

"వదులంటే వదలనా మరి?" అన్నాను.

జనం ఘొల్లుమన్నారు. నేను హాస్యానికి అనలేదు తల్లీ, నిజంగా అడిగాను. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రానికే రేవులో నా పేరు వదులమ్మ అయిపోయింది. నన్ను చూస్తే చాలు, గట్టు మీద పెద్దమనుషులు చేతిలో టీ గ్లాసులు జాగ్రత్తగా గుండెకి హత్తుకునేవాళ్ళు. మీ తాతయ్య నన్ను తిట్టలేదు. "పోనీలే, ఇక నుంచి నువ్వు ఏ తాడూ ముట్టుకోకు, ఆ మూల కూర్చో" అన్నారు. మూడేళ్ళు ఆ మూలే కూర్చున్నాను, ఒళ్ళో చిక్కుడుకాయల గిన్నె పెట్టుకుని. అత్తగారి పళ్ళెం గుర్తొచ్చేది. ఆవిడ అన్నది నిజమేనేమో, నా చేతిలో ఏదీ నిలవదేమో అని నేనూ నమ్మేశాను. వాళ్ళు నవ్వడం కంటే నేను నమ్మడమే ఎక్కువ నష్టం చేసింది.

మూడో ఏడు ఒకరోజు నడిసముద్రంలో ముందు తెరచాప తాడు చిక్కుపడింది. విప్పడానికి మీ తాతయ్య పడవ ముక్కు దాకా వెళ్ళారు. ఒక అల వచ్చింది, ఆయన కాలు జారింది. చేత్తో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నారు, నడుం దాకా నీళ్ళలో. నేను చుక్కాని దగ్గర ఉన్నాను. 'కదలకుండా పట్టుకో' అని ఆయన ఇచ్చి వెళ్ళిన చుక్కాని నా చేతిలో ఉంది తల్లీ, కానీ దాన్ని ఎటు తిప్పితే పడవ ఆగుతుందో నాకు తెలియదు. ఆ పడవని ఎలా ఆపాలో తెలియక, చిక్కుడుకాయల గిన్నె కాళ్ళ దగ్గర దొర్లుతుంటే, నిలబడి చూశాను. ఎలాగో ఆయనే పైకి పాకి వచ్చారు. టోపీ పోయింది, అంతే. తుడుచుకుని నవ్వేశారు, "చూశావా, ఇంకా పట్టు ఉంది" అని తన చెయ్యి చూపించారు. నాకు మాత్రం రెండు రోజులు ఒకటే ఆలోచన. ఆయన చెయ్యి జారి ఉంటే ఏమయ్యేది? వెనక్కి చూస్తూ, ఆయన చిన్నదై చిన్నదై పోతుంటే, నేను అలా ముందుకి వెళ్ళిపోయేదాన్ని. ఇన్నేళ్ళు అన్నీ పట్టుకున్న మనిషిని, ఆ ఒక్క మనిషిని పట్టుకోలేకపోయేదాన్ని.

రేవు వెనక సందులో తెరచాపలు కుట్టే ఆవిడ ఉండేది, చాపలక్క అనేవాళ్ళు అందరూ. పెద్ద హాలు, నేల నిండా తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద మోకాళ్ళతో పాకుతూ కుట్టేది. పడవలు ఒడ్డెక్కించే కాలం వచ్చాక ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, నాకు పడవ ఆపడం నేర్పుతారా?"

"నడపడం కాదా?"

"ముందు ఆపడం. నడపడానికి ఆయన ఉన్నారుగా."

కళ్ళజోడు మీంచి చూసింది. "నీకేం వచ్చు?"

"ఏమీ రాదు. ఐదో తరగతి దాకా చదివాను."

"ఏమీ రానివాళ్ళు ఈ వయసు దాకా బతకరు. సరిగ్గా చెప్పు."

"కుట్టు మిషను వచ్చు. చేత్తో హెమ్మింగు వచ్చు."

"మరి చెప్పవేం! అదిగో మిషను. వారానికి రెండు రోజులు నువ్వు నాకు కుట్టు, రెండు రోజులు నేను నీకు నేర్పుతా." అని ఆగి, "నువ్వేగా ఆ వదులమ్మవి?" అంది.

తల దించుకున్నాను. ఆవిడ నవ్వలేదు. ఒక తాడు తెచ్చి కుర్చీ కాలికి చుట్టి నా చేతిలో పెట్టింది. "ఆ రోజు ఏం జరిగిందో చేసి చూపించు. ఆయన ఏమన్నాడు? అన్న మాట అన్నట్టే చెప్పు."

"వదులు, వదులు అన్నారు."

"నువ్వేం చేశావు?"

"వదిలాను."

"మరి ఇందులో నీ తప్పేముంది?"

మూడేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి తల్లీ ఆవిడ. అడిగి, మళ్ళీ తాడు చూసుకుంటూ మాట్లాడుతోంది. "వదులు అంటే చెయ్యి తీసెయ్యమనీ, వదులు అంటే కాస్త వదులు చెయ్యమనీ. ఆయన అడిగింది రెండోది, నువ్వు విన్నది మొదటిది. గాలిలో మాట సగమే వినిపిస్తుంది. ఆ సగం మాటకి వేళ్ళు తెగిపోయినవాళ్ళు ఉన్నారు. రెండర్థాల మాట అరిచినవాడిది తప్పు, విన్నదానిది కాదు. నా దగ్గర ఆ మాట నిషేధం. కొంచెం కొంచెంగా ఇవ్వాలంటే 'సడలించు'. చెయ్యి పూర్తిగా తియ్యాలంటే 'వదిలెయ్'. అను."

"సడలించు. వదిలెయ్."

"గట్టిగా అను. గాలికి వినపడాలి, నాకు కాదు."

ఆ హాల్లో, తెల్ల గుడ్డ మధ్య నిలబడి అరిచాను. ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు.

ఆ ఆరు నెలలు ఎలా గడిచాయో చెప్తే నీకు పొద్దు చాలదు. ఇంట్లో మార్కెట్టుకని చెప్పి వెళ్ళేదాన్ని. జారని ముడి నేర్చుకున్నాను, ముందు చూస్తూ, తరవాత కళ్ళు మూసుకుని, తరవాత వీపు వెనక, చివరికి చన్నీళ్ళ బకెట్లో చేతులు మొద్దుబారాక. వంటింట్లో కుర్చీల కాళ్ళకి నిండా ముళ్ళే. మీ తాతయ్య తట్టుకుని, "ఈ కుర్చీలు ఎక్కడికైనా పారిపోతున్నాయా?" అన్నారు. గాలి ఎక్కువైతే తెరచాప కింది అంచు మడిచి కట్టి పొట్టి చెయ్యాలంటే, గౌను పొడుగైతే మడిచి కుట్టినట్టే అనిపించింది. సముద్రపు పటంలో అంకెలంటే భయపడ్డాను. అవి లోతులేనమ్మా, ఏ చోట ఎన్ని నీళ్ళున్నాయో చెప్తాయి అంతే. బియ్యానికి ఎసరు చూడగలిగిన మనిషికి అదెంత! ఇంజను గొట్టంలో గాలి చేరితే మూత వదులు చేసి — చూశావా, ఇక్కడ ఆ మాట సరిగ్గా సరిపోతుంది — బుడగలు పోయేదాకా చేతి పంపు కొట్టాలి. మొదటిసారి ఇంజను నా చేతి మీద అందుకున్నప్పుడు చాపలక్క డీజిలు చేతులతోనే నా బుగ్గ గిల్లింది. ఆ మరక కడుక్కోకుండానే ఇంటికొచ్చాను. "మొహానికేంటి?" అన్నారు మీ తాతయ్య. "వంకాయలు" అన్నాను. ఆయన ఊఁ అన్నారు. ముప్ఫై మూడేళ్ళుగా నేను కొనే వంకాయలకి డీజిలు వాసన ఉండదని ఆయనకి తెలియదు.

చాపలక్కకి ఆ కాలంలోనూ ఒడ్డెక్కించని చిన్న పడవ ఉండేది. అందులో మూతున్న ఎర్ర బకెట్టు ఒకటి. నేను చుక్కాని పట్టుకుని ఉండగా, ఉన్నట్టుండి ఆ బకెట్టు నీళ్ళలోకి విసిరి, "మీ ఆయన పడ్డాడు!" అని అరిచేది. నేను పడవ తిప్పి, గాలికి ఎదురుగా తెచ్చి, బకెట్టు పక్కన ఆపి, చేత్తో అందుకోవాలి. మొదటి రోజు మీ తాతయ్యని నాలుగుసార్లు తొక్కించాను, రెండుసార్లు దాటిపోయాను. "ఏమ్మా, ఆయన మీద అంత కోపమా?" అనేది చాపలక్క. నెల తిరిగేసరికి ఎటు విసిరినా తెచ్చేశాను. ఇది ఆయనకి చెప్పకు, బకెట్టు అన్నామని బాధపడతారు.

అన్నిటికంటే నేను ఇష్టంగా నేర్చుకున్నది నేను అడిగి వెళ్ళినదే, ఆపడం. ముందు చాపని గాలికి అడ్డం తిరగనిచ్చి, వెనక చాప సడలించి, చుక్కాని పక్కకి కట్టేస్తే, రెండు చాపలూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పడవని ముందుకీ పోనివ్వవు, వెనక్కీ పోనివ్వవు. ఎంత గాలిలోనైనా పడవ కోడిపెట్టలా నీళ్ళ మీద కూర్చుంటుంది. అంతదాకా ఊపిరాడనివ్వని హోరు ఒక్కసారి తగ్గిపోతుంది. మొదటిసారి అలా కూర్చున్నప్పుడు నేను ఏడ్చాను. నా బతుకులో నేను ఆగమంటే ఆగిన మొదటి వస్తువు అది.

నాలుగో ఏడు మొదటి ప్రయాణానికి మీ తాతయ్య సామాను సర్దుకుంటూ, "బియ్యం ఎంత పెడుతున్నావు?" అన్నారు.

"ఈసారి నేను నడుపుతానండీ."

"ఏమిటి, పొయ్యా?"

"పడవ. దీవికి వెళ్ళి రావడం మొత్తం."

నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆగారు. చాపలక్క సంగతి, మార్కెట్టు సంగతి అన్నీ చెప్పాను. ఆయనకి నేను నేర్చుకోవడం కంటే ఆయనకి తెలియకుండా నేర్చుకోవడం ఎక్కువ నొప్పిపెట్టింది. కాసేపు సంచీ జిప్పు లాగుతూ కూర్చున్నారు. "సరే. ఒక్క షరతు. మన పడవకి గానీ, ఇంకొకరి పడవకి గానీ ఒక్క గీత పడిందంటే, ఇక జన్మలో నువ్వు తాడు ముట్టుకోకూడదు."

"పడకపోతే?"

"అప్పుడు చూద్దాం."

"అప్పుడు చూడ్డం కాదండీ, ఇప్పుడే చెప్పుకుందాం. గీత పడకపోతే పడవ తాళం నా గుత్తిలో ఉంటుంది. ఇంకొకటి, పడవ మీద వదులు అనే మాట ఎవరూ అనకూడదు."

ఒప్పుకున్నారు. గీత పడుతుందని ఆయనకి అంత నమ్మకం.

వెళ్ళడం హాయిగా వెళ్ళాం. ఆయన నా మూలలో కూర్చున్నారు, చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళో పెట్టుకుని. ఈనెలు తీయడం రాదు, ప్రతి కాయనీ మధ్యకి విరిచేశారు. అయిదు నిమిషాలకోసారి, "ఎడమకి" అనేవారు, "గాలి చూసుకో" అనేవారు. నేను ఊఁ అనేదాన్ని, ఆయన చెప్పింది కాదు, గాలి చెప్పింది చేసేదాన్ని. దీవి దగ్గర లంగరు వేశాను. ఒడ్డున ఒక రాయి, దాని వెనక ఒక ఇల్లు, రెండూ ఒకే వరసలో చూసుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఆ వరస చెదరలేదు. లంగరు పట్టింది.

తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నానికి గాలి పెరిగింది. పడవ ఒక పక్కకి ఒరిగిపోతోంది, గిన్నెలు కింద దొర్లుతున్నాయి. ఆయన మొహం చూశాను, తెల్లబడింది. "ఇంజను వెయ్యి, ఇంజను వెయ్యి" అంటున్నారు. నేను పడవని ఆపాను. చాపలక్క నేర్పినట్టే, ముందు చాప అడ్డం, చుక్కాని పక్కకి. హోరు తగ్గింది. పడవ కూర్చుంది.

"ఏమైంది? ఏం పాడైంది?" అన్నారు కంగారుగా.

"ఏమీ పాడవలేదు. ఆపాను. చాప పొట్టి చేసి బయల్దేరదాం. ఈలోగా మీరు కాస్త టీ పెట్టండి."

ఆయన చుట్టూ చూశారు, సముద్రాన్ని, చాపల్ని, నన్ను. ఆ రెండు వారాల క్లాసు పుస్తకంలో ఈ పాఠం ఉందట, ఆ పేజీ దాకా రాలేదట. కిందికి దిగి టీ పెట్టారు. పంచదార ఎక్కడుందని మూడుసార్లు అడిగారు. ఆ టీ ఎలా ఉందంటావా? పాకంలా ఉంది. అయినా నేను ఒక్క చుక్క మిగల్చలేదు.

రేవు కనిపించేసరికి గాలి సరిగ్గా ఆ రోజులాగే గట్టు వైపు నుంచి తోస్తోంది. మా చోటు ముందు పళ్ళ డాక్టరు గారి పడవ, అదే తెలుపు. గట్టు మీద అదే జనం. "వదులమ్మ చుక్కాని పట్టిందిరోయ్!" అని ఎవరో అన్నారు, టీ గ్లాసులు గుండెలకెక్కాయి. మీ తాతయ్యని మధ్య తాడు పట్టుకుని నేను చెప్పినప్పుడు దిగమన్నాను. ఆయన వినలేదు. కంగారు. ముక్కు దగ్గరికి పరిగెత్తి, పడవ ఇంకా దూరంగా ఉండగానే ముందు తాడు గుంజకి విసిరి తగిలించి, ఇటు కొస పడవకి పొట్టిగా బిగించి కట్టేశారు. ముక్కు గట్టు వైపుకి లాక్కుపోయింది. తోక బయటికి తిరిగింది. గాలి ఆ తోకని ఇంకా బయటికి నెడుతుంటే మా పడవ పక్క డాక్టరు గారి పడవ మీదకి తిరిగిపోతోంది. మూరెడు దూరం. జానెడు.

"వదిలెయ్యండి!" అని అరిచాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఒక్క క్షణం. ఆ మాటకి రెండో అర్థం లేదు తల్లీ. వదిలేశారు. తాడు ఆ గుంజకే వేలాడుతూ ఉండిపోయింది. నేను ఇంజను వెనక్కి వేసి, పడవని బయటికి, ఖాళీ నీళ్ళలోకి తీసుకుపోయాను.

గట్టు మీద నవ్వులు. "పోయింది, పోయింది, వదులమ్మ మళ్ళీ సముద్రానికి పోయింది!" అని. ఆ నవ్వు నా వీపుకి తగులుతూనే ఉంది, అయినా నాకు సిగ్గు వెయ్యలేదు. ఎందుకో చెప్తాను విను, రేపు నీకు పనికొస్తుంది. చాపలక్క చెప్పింది, కుదరనప్పుడు తిరిగి వెళ్ళి మళ్ళీ రావడం ఓడిపోవడం కాదు, పడవ ఇంకా నీ చేతిలోనే ఉందనడానికి గుర్తు అని. ఎంతసేపైనా తిరగొచ్చు, సముద్రం తొందరపెట్టదు, తొందరపెట్టేది గట్టు మీద జనమే.

"ఏవండీ," అన్నాను, "పడవని ముక్కు పట్టుకుని లాగితే తోక తంతుంది. నడుం పట్టుకోవాలి. మధ్య తాడు తీసుకోండి. నేను దిగమన్నప్పుడు దిగండి, కట్టమన్నప్పుడు కట్టండి."

ఆయన వచ్చి మధ్య తాడు పట్టుకున్నారు. గాలికి ఎదురుగా, నెమ్మదిగా, పిల్లని పక్క మీద పడుకోబెట్టినంత నెమ్మదిగా తెచ్చాను. "దిగండి." దిగారు. "గుంజకి ఒక చుట్టు." చుట్టారు. "సడలించండి. ఇంకొంచెం. ఇంకొంచెం. చాలు. కట్టెయ్యండి." పడవ గట్టుకి ఆనుకుని ఊరుకుంది. మా ముక్కుకీ డాక్టరు గారి తెల్ల పడవకీ మధ్య మూడు జానలు ఖాళీ. నేనే దిగి కొలుచుకున్నాను. పళ్ళ డాక్టరు గారు తన పడవ మీద నిలబడి అంతా చూస్తున్నారు. టోపీ తీసి ఛాతీ మీద పెట్టుకున్నారు. నాకదే చాలు.

గట్టు మీద ఒకాయన మీ తాతయ్యని అడిగాడు, "ఏం కెప్టెన్ గారూ, మొదటిసారి తాడు చేజారిందా?" అని.

ఆయన గొంతు సవరించుకుని, "చేజారడమేమిటండీ, అలాంటి గాలిలో తాడు సమయానికి వదిలెయ్యడమే నేర్పు" అన్నారు.

నేను ఇంజను ఆపేస్తూ విన్నాను. నేను వదిలితే తెలివితక్కువ, ఆయన వదిలితే నేర్పు. ఇద్దరం చెప్పిన మాటే విన్నాం, ఇద్దరం వదిలాం. కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది, ఒక్కదాన్నే ఆ పడవలో కూర్చుని కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాను. అప్పుడే అనుకున్నాను, ఇక ఈయన కథని ఈయన చెప్పుకోనీ, నేను మాత్రం పడవ నడుపుకుంటాను అని.

మర్నాడు పొద్దున ఆయన కాఫీ తాగుతుంటే చెయ్యి చాపాను. తాళం నా అరచేతిలో పెట్టారు. అన్న మాట మీద నిలబడే మనిషే, అది కాదనను. నేను చెప్పులు వేసుకుంటుంటే, "ఎక్కడికి?" అన్నారు.

"దీవి దాకా. సాయంత్రానికి వస్తాను."

"నేనూ రానా?"

ఆ ప్రశ్న ఎక్కడో విన్నట్టనిపించింది. గుర్తొచ్చింది. "ఇద్దరికీ ఎందుకండీ," అన్నాను, ప్రేమగానే అన్నాను, "ఒక పడవకి ఒక కెప్టెన్ చాలు."

"మరి భోజనం?"

"మీ పొయ్యి కదలదుగా."

ఆ రోజు ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. ఒక చేతిలో చుక్కాని, ఒక చేతిలో తాడు, రెండూ నావే. తరవాత చాపలక్క కన్నుమూసేదాకా ఆవిడతో కలిసి, ఆవిడ పోయాక ఒక్కదాన్నే, ముప్ఫై మంది ఆడవాళ్ళకి నేర్పాను. ఆ ఎర్ర బకెట్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎంతమంది మొగుళ్ళుగా పడి తేలిందో. ఇప్పుడు రేవుకి వెళ్ళి విను, 'సడలించు' అంటారు, 'వదిలెయ్' అంటారు, ఆడా మగా అందరూ. మీ తాతయ్య కూడా అంటారు, ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో గుర్తులేదనుకుంటా. ఉన్నా చెప్పరు. పరవాలేదు. ఆ రేవులో ఇప్పటిదాకా 'వదులు' అనే మాట మూలంగా ఇంకెవరి పడవకీ గీత పడలేదు.

ఇదిగో, చుట్టడం అయిపోయింది. ఆ కొస లోపలికి దోపి ఇలా ఇయ్యి. చూడు, మెలిక లేదు.

నువ్వు ఎన్ని రేవులు తిరిగినా, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుతారు, వదులమ్మ అని నవ్వుతారు. నువ్వూ నవ్వు, నవ్వదగ్గ కథే. నవ్వడం అయ్యాక మాత్రం, పళ్ళ డాక్టరు పడవ దగ్గర ఆపనివ్వకు. "ఏ వదులు?" అని అడుగు. అక్కణ్ణుంచి మిగతాది నువ్వు చెప్పు. ఎవరు విన్నా సరే, మా అమ్మమ్మ రెండోసారి తిరిగి వచ్చింది అని చెప్పు.